పిల్లి లేని ఇల్లు

జూన్ 9, ఆదివారం

నాకు పిల్లి లేదు. ఈ సంగతి ముందే ఇక్కడ రాసి పెట్టుకుంటే రేపు ఎవరితో వాదన వచ్చినా పనికొస్తుంది. నాకు పిల్లి లేదు, ఎప్పుడూ లేదు, పెంచుకుందామన్న ఊహ కూడా లేదు.

నా కూతురు పిట్ట పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళింది. వాళ్ళమ్మ స్కూటర్ మీద వీధి చివరే ఆగుతుంది. పిట్ట ఒక్కతే మెట్లెక్కి వస్తుంది, ఒక్కతే దిగి వెళ్తుంది. "నువ్వు కిందికి రావద్దు నాన్నా, నేను పెద్దదాన్నయ్యాను" అంటుంది. పదేళ్ళకే ఎంత తెలివి వచ్చిందో అని మురిసిపోయాను. ఒంటి మీద మాత్రం మళ్ళీ ఆ వెలిసిపోయిన పసుపు గౌనే. ప్రతి ఆదివారం అదే. నెలనెలా మందుల షాపులో జీతం వస్తుంది కదా, పిల్లకి ఇంకో గౌను కొనలేదా ఈ మనిషి?

ఆ మాట అడుగుదామనుకుంటుండగానే ఆ మనిషి ఫోను.

"పిట్ట జుట్టు పిల్లి వాసన కొడుతోంది. ఇది మూడోసారి. షాంపూతో రుద్దినా పోవడం లేదు," అంది.

"ఏ పిల్లి?"

"అది మీరు చెప్పాలి."

"నా దగ్గర పిల్లి లేదు."

"అయితే మీ ఇంటి దగ్గర ఉంది. ఆ వాసన వదిలేదాకా పిల్లని అక్కడికి పంపను. ఆదివారాలు పార్కులో కలవండి."

వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట. నా ముక్కు సంగతి ఆవిడకి తెలుసు. ఇరవయ్యేళ్ళుగా క్లోరిన్ నీళ్ళ ఒడ్డున నిలబడి పిల్లలకి ఈత నేర్పుతున్నవాడికి ముక్కు ఊపిరి తీసుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. అది అడ్డం పెట్టుకుని లేని వాసనని ఉందంటోంది. విడిగా ఉంటే చాలలేదు, పిల్లని కూడా విడదీయాలి.

జూన్ 10, సోమవారం

వాసన లేదు.

జూన్ 12, బుధవారం

తేల్చి పారేద్దామని పంపాయన్ని ఇంటికి తీసుకొచ్చాను. మా ఈతకొలను దగ్గర పంపులు, ఫిల్టర్లు చూసుకుంటాడు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. అసలు పేరు ఆయనే మర్చిపోయి ఉంటాడు. మోటారు గదిలో ఉంటాడు గనక ముక్కు బతికే ఉంది. టీ ఇస్తానని చెప్పాను, పని చెప్పలేదు.

గుమ్మంలోనే ఆగిపోయాడు. "మాస్టారూ, ఎన్ని పెంచుతున్నారేంటి?"

"ఏం పెంచుతున్నాను?"

"పిల్లుల్ని."

టీ సగం తాగి, పని గుర్తొచ్చిందని వెళ్ళిపోయాడు. ఆయనకి ఎప్పుడూ జలుబే. జలుబు మనిషి ముక్కుని నమ్మి నేను ఇల్లు మారాలా?

జూన్ 16, ఆదివారం

పార్కు. వాన. బస్టాపు కింద నిలబడ్డాం. పిట్ట ఎర్ర గౌను వేసుకొచ్చింది, కొత్తది. అయితే బట్టలు కొంటోందన్నమాట.

"ఇంటికి వెళ్దామా నాన్నా," అంది, చలికి చేతులు చంకల్లో దోపుకుని.

"మీ అమ్మకి మాటిచ్చాను."

"అమ్మకి తెలియకుండా చూసుకుంటాలే."

"ఎలా?"

మాట మార్చేసింది. బస్సులు లెక్కపెట్టే ఆట ఆడదామంది. ఆడాం. నేనే ఓడిపోయాను.

జూన్ 17, సోమవారం

పని నుంచి వస్తుంటే కింది వాటా పిన్నిగారు పిలిచారు. చేతిలో మడత పెట్టిన పసుపు గౌను.

"నిన్న పాప రాలేదు కదా. ఉతికి పెట్టాను. ఎప్పుడొస్తుందో ఏమో, మీ దగ్గరే ఉంచండి."

నాకు అర్థం కాలేదు. ఆవిడకి కాసేపు పట్టింది, నాకు తెలియదని తెలుసుకోవడానికి.

ప్రతి ఆదివారం పిట్ట ముందు పిన్నిగారింట్లోకి వెళ్తుందట. మంచి గౌను విప్పి అక్కడ దాచుకుని, ఈ పసుపుది తొడుక్కుని పైకి వస్తుందట. వెళ్ళేటప్పుడు మళ్ళీ మార్చుకుని, మొహం, చేతులు కడుక్కుని, జుట్టుకి పౌడరు రాసుకుని దువ్వించుకుంటుందట.

"ఎందుకే ఈ తిప్పలు, మీ నాన్నకి చెప్పచ్చుగా అన్నాను బాబూ. 'నాన్న ముక్కు పనిచెయ్యదు, చెప్తే బాధపడతాడు. అమ్మకి తెలిస్తే పంపదు' అంది. నాతో ఒట్టు వేయించుకుంది. ఇవాళ నోరు జారాను."

గౌను తీసుకుని పైకి వచ్చాను.

జూన్ 18, మంగళవారం

వాసన ఉంది.

సరే. ఉంటే పోగొడతాను. పోదని అనేవాళ్ళని వచ్చి నా ఎదురుగా అనమనండి.

జూన్ 19, బుధవారం

కొలను స్టోరు నుంచి క్లోరిన్ పొడి తెచ్చాను, డబ్బా నిండా. ఈ లోకంలో ఆ పొడికి లొంగనిది లేదని నా నమ్మకం. గదుల్లో చల్లి, నీళ్ళు పోసి, కిటికీలు మూసి చీపురుతో రుద్దడం మొదలుపెట్టాను. పడకగది మూల, గోడ వారన రుద్దుతుండగా కళ్ళలో కారం కొట్టినట్టయింది. గొంతు పట్టేసింది. చీపురు అక్కడే వదిలి మెట్ల మీదికి పరుగెత్తి, పిన్నిగారి గుమ్మం ముందు కూలబడ్డాను. పైకెళ్ళి కిటికీలు తెరిచిందీ, నాకు నీళ్ళు పట్టించిందీ ఆవిడే.

పంపాయనకి చెప్తే నెత్తి కొట్టుకున్నాడు. "పిల్లి ఉచ్చ మీద క్లోరిన్ పోస్తారా ఎవరైనా? విషపు గాలి పుడుతుంది. కొత్తగా చేరినవాడు చేశాడంటే సరే. మీరేంటి మాస్టారూ?"

ఒక మంచి జరిగింది. మిగతా గదుల్లో ఏమీ కాలేదు. ఆ పడకగది గోడ దగ్గరే పొగ పుట్టింది. శత్రువు ఉన్న చోటు తెలిసింది.

జూన్ 22, శనివారం

వినెగర్. సోడా. గిన్నెల్లో కాఫీ పొడి. మల్లెల స్ప్రే, నిమ్మకాయ స్ప్రే. పిన్నిగారిని పిలిచి వాసన చూడమన్నాను. కళ్ళు మూసుకుని లోపలికి పీల్చి, చాలాసేపు ఆలోచించారు.

"ఇదివరకు పిల్లి ఇంట్లో పోసినట్టుండేది బాబూ. ఇప్పుడు పూలతోటలో పోసినట్టుంది."

ఇంటాయనకి ఫోను చేశాను. "వానాకాలం అన్నాక ప్రతి ఇంట్లో ఏదో వాసన ఉంటుంది. మీకంటే ముందున్నవాళ్ళూ ఇలాగే సణిగి పోయారు. నచ్చకపోతే మీరూ ఖాళీ చెయ్యండి," అన్నాడు.

చెయ్యను. ఈ వాసనని నేను పంపిస్తాను గాని, అది నన్ను పంపించలేదు.

జూన్ 23, ఆదివారం

పార్కు. గౌను సంగతి నాకు తెలిసిందని పిట్టకి చెప్పలేదు. చెప్తే ఏడుస్తుంది. నేనూ అంతే.

జూన్ 24, సోమవారం

దొంగనోట్లు చూసే ఊదారంగు టార్చి ఒకటి కొన్నాను. ఆ వెలుగులో పిల్లి పోసిన చోటు ఆకుపచ్చగా మెరుస్తుందట. పగలే కిటికీలకి దుప్పట్లు కట్టి గది చీకటి చేసి నేలంతా వెతికాను. నేల మీద ఏమీ లేదు. గోడ మీద ఉంది. పైనుంచి కిందికి, సన్నగా, పొడుగ్గా చార. పక్కన ఇంకొకటి. టార్చి పైకెత్తాను.

అటక. రెండు చెక్క తలుపులు, మధ్యలో తాళం. తలుపుల కింది సందు పొడుగునా ఆకుపచ్చ.

పిట్ట మధ్యాహ్నం పడుకునే మంచం సరిగ్గా దాని కిందే వేశాను. నేనే వేశాను.

జూన్ 25, మంగళవారం

ఇంటాయన ఇంటికే వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"ఆ అటక మీకు అద్దెకి ఇవ్వలేదు. అందులో మా అమ్మ సామాను ఉంది."

"ఆ సామానులోనే ఉందండీ వాసన. ఒక్కసారి తాళం తీస్తే..."

"తియ్యను. ఆవిడ పోయినప్పుడు సర్ది తాళం వేశాను. మళ్ళీ తియ్యలేదు. తియ్యాల్సిన పని లేదు."

"మీ అమ్మగారికి పిల్లి ఉండేదా?"

తలుపు వేసేశాడు.

జూన్ 28, శుక్రవారం

నాలుగు రోజులుగా పడుకుని ఆ తాళం వంక చూస్తున్నాను. ఒకరి అమ్మ సామాను. ఒకరి కూతురి జుట్టు. రెండూ ఒకే గదిలో పడవు.

జూన్ 29, శనివారం

కోశాను.

లాకరు తాళంచెవులు పోగొట్టుకునేవాళ్ళ కోసం కొలను ఆఫీసులో ఒక కట్టరు ఉంటుంది. అది తెచ్చాను. పంపాయన కూడా వచ్చాడు. "నేను చూడలేదు, నాకు తెలియదు," అంటూనే స్టూలు పట్టుకున్నాడు.

తలుపు తియ్యగానే ఆయన స్టూలు వదిలేసి బయటికి పరుగెత్తాడు. నాకే మొదటిసారి, చచ్చిన నా ముక్కుకే, దూరంగా ఏదో చురుక్కుమంది. ఇన్నాళ్ళూ నా కూతురు పీల్చిందాంట్లో ఇది ఎన్నో వంతో.

లోపల చుట్టిన పరుపు. ఉన్ని రగ్గులు. ఒక ఇనప పెట్టె. వెనక గోడకి గాలి కోసం పెట్టిన కన్నం, దాని జాలీ ఊడి వేలాడుతోంది. చుట్టుపక్కల పిల్లులన్నీ పైకప్పు మీంచి అందులోంచి వచ్చి ఆ పరుపు మీద సంసారం చేసుకున్నట్టున్నాయి. పరుపు పట్టుకుంటే చేతికి ముద్దగా వచ్చింది. రగ్గులూ అంతే. ముక్కుకి గుడ్డలు కట్టుకుని ముగ్గురం కిందికి దింపాం, పిన్నిగారు పొడుగాటి కర్రతో వెనకనుంచి తోస్తూ. చెత్తబండివాడు కూడా ఎక్కించుకోవడానికి బతిమాలించుకున్నాడు.

పెట్టె జోలికి వెళ్ళలేదు. పైన తుడిచి హాల్లో పెట్టాను. తాళం ఉంది. అది నేను కొయ్యను.

జూలై 1, సోమవారం

అటక చెక్కల్లోకి ఇంకింది ఇంకా ఉంది. దానికేదో మందు ఉందని పంపాయన విన్నాడు. మందు అంటే మందుల షాపే. ఊళ్ళో ఎన్నో ఉన్నాయి. పిట్ట వాళ్ళమ్మ పనిచేసేదే నాకు దారిలో పడుతుంది. దారి కొంచెం చుట్టు, అయినా దారే.

వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఆవిడ తలెత్తి, తడబడకుండా, "చెప్పండి," అంది.

"పిల్లి ఉచ్చ వాసన పోవడానికి."

వెనకాల ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"మా దగ్గర ఉండదు. పశువుల మందుల షాపులో ఎంజైముల మందు అని అడగండి. ముందు మామూలు నీళ్ళతో కడిగి ఆరనివ్వాలి. సబ్బు, క్లోరిన్ ఉంటే ఆ మందు చచ్చిపోతుంది. బాగా తడిపి, పైన ప్లాస్టిక్ కప్పి ఒక రోజు ఉంచాలి. తర్వాత దానంతట అదే ఆరాలి. రుద్దకూడదు. ఒకసారికి పోదు, మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. ఓపిక ఉంటేనే."

"నాకు ఓపిక లేదని ఎవరన్నారు?"

"నేనే అన్నాను. చాలాసార్లు."

ఇదంతా ఆవిడకెలా తెలుసని అడగాలనుకున్నాను. మందుల షాపులో ఇది అమ్మరు కదా. ఎక్కడో వెతికి, చదివి పెట్టుకుని ఉండాలి. పిట్ట కోసమే అయ్యుంటుంది. పిట్ట కోసమే. వెనకాల మనిషి దగ్గాడు, పక్కకి తప్పుకున్నాను.

జూలై 2

తడిపాను. కప్పాను.

జూలై 3

ఆరుతోంది. రుద్దలేదు. చేతులు దురద పెట్టాయి.

జూలై 4, గురువారం

ఇంటాయన వచ్చాడు. చెత్తబండి మీద పరుపు చూసినవాళ్ళెవరో చెప్పి ఉంటారు. చెప్పులు విప్పకుండా నేరుగా గదిలోకి వెళ్ళి, నోరు తెరుచుకున్న అటక కింద నిలబడ్డాడు.

"పరుపేది?"

"పారేశాను."

"ఎవరినడిగి?"

"మిమ్మల్నే అడిగాను. తలుపు వేసేశారు."

కొడతాడేమో అనుకున్నాను. అలాంటిదేమీ చెయ్యలేదు. హాల్లోకి వచ్చి, ఆ ఇనప పెట్టె మీద కూర్చున్నాడు. "ఆ పరుపు మీదే పోయింది మా అమ్మ," అన్నాడు. "ఈ గదిలోనే. చివరి రోజుల్లో నన్ను కూడా గుర్తుపట్టలేదు. కాళ్ళ దగ్గర పడుకున్న పిల్లిని మాత్రం పలకరిస్తూ ఉండేది."

పరుపు పారేసినందుకు తప్పయిందని అనలేదు, ఎందుకంటే అది తప్పు కాదు. "మీకు చెప్పి, మీరు చూశాక పారెయ్యాల్సింది. అది మాత్రం నా పొరపాటే," అన్నాను.

"నెలాఖరుకి ఖాళీ చెయ్యండి."

"ఒప్పందం ఏడాది చివరిదాకా ఉంది. చెయ్యను."

"తాళం కోసినవాడికి ఒప్పందమేంటి?"

"అద్దెకిచ్చిన గదిలో పిల్లుల్ని కాపురం పెట్టినవాడికి కోపమేంటి?"

పెట్టె భుజానికెత్తుకున్నాడు. నేను ఒక చెయ్యి వేయబోతే విదిలించుకున్నాడు. మెట్ల దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అప్పుడు మళ్ళీ చెయ్యి వేశాను. కిందిదాకా ఇద్దరం కలిసి మోశాం.

జూలై 5

కడిగాను. తడిపాను. కప్పాను.

జూలై 9, మంగళవారం

మూడోసారి. కన్నానికి పంపాయన కొత్త జాలీ బిగించాడు, ఏనుగు తన్నినా ఊడదు. గోడకి కూడా అదే మందు. మందంతా ఆరాక అటక లోపల రంగు వేస్తాను.

పిన్నిగారి ముక్కు ప్రకారం: "ఇవాళ పిల్లి మన ఇంట్లో లేదు, పక్కింట్లో ఉంది."

జూలై 11

"వీధి చివర ఉంది."

జూలై 14, ఆదివారం

పార్కుకి వెళ్ళబోతుంటే తలుపు చప్పుడు. పిట్ట, వెనకాల వాళ్ళమ్మ. ఈ ఇంటి మెట్లెక్కడం ఇదే మొదలు.

"వాసన పోయిందో లేదో నేనే చూస్తాను," అంది ఆవిడ.

ఈతపోటీల్లో జడ్జీ ముందు కూడా నాకు అంత వణుకు రాలేదు. వంటగది, స్నానాల గది, హాలు. ఒక్కో గదిలో నిలబడి, కళ్ళు మూసుకుని పీల్చింది. పడకగదిలో స్టూలెక్కి అటకలోకి తల పెట్టేసింది. పిట్ట నా చెయ్యి పట్టుకుంది. నాకు తెలియని విషయం మీద తీర్పు వస్తోంది, నాకు వేరే దారి లేదు, ఆ మనిషి నోటి వంక చూడ్డమే.

తల బయటికి తీసి, "లేదు," అంది.

ఇంకెవరైనా అంటే ఓదార్పుకి అన్నారనుకుందును. ఈవిడ ఓదార్పుకి అబద్ధం చెప్పదు. మేం విడిపోవడానికి సగం కారణం అదే.

"కొత్త రంగు వాసన వస్తోంది. అంతే," అంటూ స్టూలు దిగింది. జుట్టుకి ఆ రంగు అంటింది. చెప్పాలా వద్దా అనుకుంటూ ఉండిపోయాను.

టీ పెట్టాను. ఇంటాయన ఖాళీ చెయ్యమన్న సంగతి చెప్పాను.

"వెళ్తారా?"

"వెళ్ళను."

"నువ్వెప్పుడూ ఇంతే," అంది.

ఈ మాట ఇదివరకు ఎన్నిసార్లు విన్నానో. ఇవాళ అది అదే మాటలా లేదు. పైగా 'నువ్వు' అంది. ఆవిడ గమనించినట్టు లేదు. నేను కూడా గమనించలేదనే రాసుకుంటున్నాను, ఇందులోంచి అర్థాలు తియ్యకూడదు.

వెళ్ళేముందు, "వచ్చే శనివారం, ఆదివారం రాత్రులు కూడా పిట్టని ఇక్కడ ఉంచుతాను. సోమవారం స్కూలుకి నువ్వే దింపు," అంది. జుట్టుకంటిన రంగు సంగతి నేను చెప్పలేదు.

జూలై 17, బుధవారం

వాసన పోయిందని ఊరంతా తెలిసినట్టుంది. ఇంటాయన ఎవరికో ఇల్లు చూపిస్తానని మాటిచ్చాడట, పిన్నిగారు విన్నారు. కొత్త రంగుతో సహా. బాగుంది. వండింది నేను, వడ్డన వాళ్ళకా?

జూలై 20, శనివారం

పిట్ట వచ్చింది. ఎర్ర గౌనులోనే పైకి వచ్చింది. మంచం కిటికీ పక్కకి జరిపించుకుంది. అటక సంగతి, ఇంటాయన వాళ్ళమ్మ పిల్లి సంగతి చెప్పించుకుని నిద్రపోయింది. ఇంతకంటే రాయడానికేమీ లేదు, రాయాలనీ లేదు.

జూలై 21, ఆదివారం

పొద్దున నేను గుడ్లు వేయిస్తుంటే తలుపు కొట్టారు. పిట్ట వెళ్ళి తీసింది. ఇంటాయన, వెనకాల ఒక భార్యాభర్త.

"ఇల్లు చూడ్డానికి వచ్చాం పాపా," అన్నాడు ఇంటాయన.

"చూడండి," అంది పిట్ట, తలుపు బార్లా తెరిచి. "కానీ మేం ఖాళీ చెయ్యం."

నేను గరిటెతో హాల్లోకి వచ్చేసరికి ముగ్గురూ గుమ్మంలోనే ఉన్నారు. నేను నేర్పలేదు ఆ మాట. ఎవరూ నేర్పలేదు. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటాయన నా వంక చూశాడు. నేను పిట్ట వెనక నిలబడ్డాను.

"చెప్పింది కదండీ," అన్నాను.

వచ్చినవాళ్ళని ఆయనే పంపేశాడు, మళ్ళీ ఫోను చేస్తానని. తను మాత్రం వెళ్ళలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడి, "ఒక్కసారి ఆ గదిలో కూర్చోవచ్చా?" అని అడిగాడు. నన్ను కాదు, పిట్టని.

పిట్ట చెయ్యి చూపించింది. ఈసారి చెప్పులు విప్పాడు. మంచం అంచున కూర్చుని గోడ వంక, అటక వంక చూశాడు. గట్టిగా గాలి పీల్చాడు. ఆయనకి ఏ వాసన వచ్చిందో, ఏది రాలేదో, నాకు తెలిసే వీలు లేదు.

"మీ అమ్మగారి పిల్లి పేరేంటండీ?" అంది పిట్ట.

"పేరు లేదమ్మా. 'ఏమే' అని పిలిచేది. మా నాన్న మా అమ్మని కూడా అలాగే పిలిచేవాడు. ఆయన పిలిస్తే ఇద్దరూ వెళ్ళేవాళ్ళు."

పిట్ట నవ్వింది. ఆయన నవ్వబోయి, మొహం తిప్పుకున్నాడు. నేను వంటగదిలోకి వచ్చి ఇంకో గుడ్డు కొట్టాను. పళ్ళెం తెచ్చి పక్కన పెడితే వద్దనలేదు. తిన్నంతసేపూ పిట్ట ప్రశ్నలు, ఆయన జవాబులు: అది ఏ రంగు, ఎవరి మంచం మీద పడుకునేది, వాళ్ళ నాన్న దాన్ని ఎందుకు తిట్టేవాడు. అమ్మ పోయాక ఎటు పోయిందో తెలియదన్నాడు. చాలా రోజులు వెతికాడట.

పళ్ళెం తనే తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. చెప్పులు తొడుక్కుంటూ, "జాలీ గట్టిగా బిగించారు," అన్నాడు. అంతే. ఖాళీ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఎత్తినా చెయ్యను.